రివర్స్ వైర్‌లెస్ ఛార్జింగ్: మీ ఫోన్ తో ఇంకో ఫోన్ ని, బడ్స్ ని ఛార్జ్ చేసే ముందు ఈ లెక్క చూసుకోండి

ఫోన్ ని బోర్లా పెట్టి, దాని వీపు మీద ఇంకో ఫోన్ పెడితే ఛార్జింగ్ ఎక్కుతుంది. కేబుల్ లేదు, ప్లగ్ లేదు. చూడటానికి భలే ఉంటుంది. ఈ ఫీచర్ ని రివర్స్ వైర్‌లెస్ ఛార్జింగ్ అంటారు. శాంసంగ్ వాళ్లు వైర్‌లెస్ పవర్‌షేర్ అన్నారు, గూగుల్ వాళ్లు బ్యాటరీ షేర్ అన్నారు. పేరు ఏదైనా పని ఒకటే: మీ ఫోన్ కాసేపు వైర్‌లెస్ ఛార్జర్ గా మారిపోతుంది.

అయితే ఈ ఫీచర్ గురించి నన్ను అడిగే వాళ్లలో సగం మంది దగ్గర అసలు ఆ ఫీచర్ ఉన్న ఫోనే ఉండదు. ఉన్న వాళ్లలో చాలామంది ఒకటి రెండు సార్లు వాడి, "ఏంటిది, నా బ్యాటరీ అంతా పోయింది, వాడికేమో పది శాతం కూడా ఎక్కలేదు" అని వదిలేస్తారు. ఈ ఆర్టికల్ లో ఆ రెండు విషయాలూ చెప్తాను. ఏ ఫోన్ లో ఇది నిజంగా ఉంటుంది, మీ ఫోన్ ఎంత ఇస్తే అవతలి దానికి ఎంత చేరుతుంది, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు జోలికి పోకూడదు.

బాక్స్ మీద "రివర్స్ ఛార్జింగ్" అని ఉంటే చాలదు

ముందుగా ఈ పేరు దగ్గరే పెద్ద తికమక ఉంది. మా బావమరిది ఆ మధ్య ఒక 6000 ఎంఏహెచ్ బ్యాటరీ ఫోన్ కొన్నాడు. షాపులో "రివర్స్ ఛార్జింగ్ ఉందా అండీ" అని అడిగితే "ఉంది సార్, బాక్స్ మీదే రాసుంది చూడండి" అన్నారట. ఇంటికొచ్చి ఫోన్ వెనక వాళ్ల అక్క బడ్స్ కేస్ పెట్టాడు. లైటు వెలగలేదు. అటు జరిపాడు, ఇటు జరిపాడు, కవర్ తీసి చూశాడు. చివరికి "బావా, ఇది పాడైన పీస్ ఇచ్చినట్టున్నారు, మార్పించాలా?" అని ఫోన్ చేశాడు.

పీస్ పాడవ్వలేదు. ఆ ఫోన్ లో ఉన్నది వైర్డ్ రివర్స్ ఛార్జింగ్. అంటే యూఎస్‌బీ టైప్-సి కేబుల్ ఒక కొస మీ ఫోన్ కి, రెండో కొస అవతలి ఫోన్ కి పెడితే మీ ఫోన్ పవర్ బ్యాంక్ లాగా పని చేస్తుంది. ఇది కూడా మంచి ఫీచరే, నిజానికి వైర్‌లెస్ దానికన్నా ఎక్కువ పనికొచ్చేదే. కింద లెక్కలో చూద్దాం. కానీ కేబుల్ లేకుండా మాత్రం పని చేయదు. పదిహేను, ఇరవై వేల లోపు ఫోన్ల బాక్స్ మీద, ఆన్‌లైన్ పేజీల్లో "రివర్స్ ఛార్జింగ్" అని కనిపిస్తే దాదాపు ప్రతిసారీ అది కేబుల్ తో చేసేదే. "వైర్‌లెస్" అన్న మాట లేకపోతే లేనట్టే అనుకోండి.

దీన్ని కనిపెట్టడం చాలా తేలిక. రివర్స్ వైర్‌లెస్ ఛార్జింగ్ చేయాలంటే ఫోన్ వెనక రాగి కాయిల్ ఉండాలి. అదే కాయిల్ తో ఫోన్ తను కూడా వైర్‌లెస్ గా ఛార్జ్ అవుతుంది. కాబట్టి స్పెసిఫికేషన్స్ లో మామూలు వైర్‌లెస్ ఛార్జింగ్ లేకపోతే రివర్స్ వైర్‌లెస్ కూడా ఉండే అవకాశమే లేదు. ఇక వెతకక్కర్లేదు.

దీన్ని తిరగేసి చెప్తే మాత్రం నిజం కాదు. వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న ప్రతి ఫోన్ లోనూ రివర్స్ ఉండదు. గూగుల్ పిక్సెల్ 7ఎ, 8ఎ రెండూ వైర్‌లెస్ గా ఛార్జ్ అవుతాయి, కానీ ఇంకో దాన్ని ఛార్జ్ చేయలేవు. ఐఫోన్లు అయితే 2017 లో వచ్చిన ఐఫోన్ 8, ఐఫోన్ 10 నుంచి వైర్‌లెస్ ఛార్జింగ్ తీసుకుంటున్నాయి, ఇవ్వడం మాత్రం లేదు. ఇక్కడ ఒక తమాషా. 2021 లో ఆపిల్ మ్యాగ్‌సేఫ్ బ్యాటరీ ప్యాక్ తెచ్చినప్పుడు, ప్యాక్ ని ఐఫోన్ వెనక అతికించి ఫోన్ కి కేబుల్ పెడితే, ఫోన్ ద్వారా ఆ ప్యాక్ కూడా ఛార్జ్ అయ్యేది. అంటే వెనక నుంచి పవర్ పంపే శక్తి ఫోన్ లో ఉంది. సొంత బ్యాటరీ ప్యాక్ కి తప్ప మిగతా వాటికి ఆపిల్ ఆ తలుపు తెరవలేదు, అంతే.

ఏ ఫోన్లలో ఉంది

మొదట తెచ్చింది హువావే. అక్టోబర్ 2018 లో వచ్చిన మేట్ 20 ప్రో ఈ ఫీచర్ తో అమ్మకానికి వచ్చిన మొదటి ఫోన్. నాలుగు నెలలకి, ఫిబ్రవరి 2019 లో, శాంసంగ్ గెలాక్సీ ఎస్10 వచ్చింది. మన దగ్గర చాలామందికి ఈ ఫీచర్ పేరు తెలిసింది ఆ ఫోన్ తోనే. అప్పటి నుంచి గెలాక్సీ ఎస్ సిరీస్ లో, ఫోల్డ్, ఫ్లిప్ ఫోన్లలో ఇది వస్తూనే ఉంది. ఎక్కువ అమ్ముడయ్యే గెలాక్సీ ఎ, ఎమ్ సిరీస్ ఫోన్లు కొనాలనుకునే వాళ్లు మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకండి.

పిక్సెల్ లో 2020 నాటి పిక్సెల్ 5 తో మొదలైంది. వన్‌ప్లస్ 12, 13 ల్లో 10 వాట్ల రివర్స్ వైర్‌లెస్ ఉంది. వాటికి ముందు వచ్చిన వన్‌ప్లస్ 11 లో అసలు వైర్‌లెస్ ఛార్జింగే లేదు. కాబట్టి "వన్‌ప్లస్ ఫ్లాగ్‌షిప్ కదా, ఉండే ఉంటుంది" అని సెకండ్ హ్యాండ్ లో తీసుకోకండి. నథింగ్ ఫోన్ 1 లో 5 వాట్లది ఉంది, బడ్స్ వెనక పెడితే కాయిల్ చుట్టూ లైట్లు కూడా వెలుగుతాయి. మోటరోలా ఎడ్జ్ 50 ప్రో లాంటివి వచ్చాక ఈ ఫీచర్ కోసం లక్ష రూపాయల ఫోనే కొనాల్సిన పని తప్పింది. దాంట్లోనూ 10 వాట్ల పవర్ షేరింగ్ ఉంది.

లోపల ఏం జరుగుతుంది

సూత్రం పాతదే. 1831 లో మైకేల్ ఫారడే చూపించిన విద్యుదయస్కాంత ప్రేరణ. మన ఇంటర్ ఫిజిక్స్ లో చదివిందే. ఒక తీగ చుట్టలో అటూ ఇటూ మారే కరెంట్ పంపిస్తే దాని చుట్టూ మారే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రంలో ఇంకో తీగ చుట్ట పెడితే అందులో కరెంట్ పుడుతుంది. కరెంటు స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మర్ చేసే పని కూడా ఇదే. కాకపోతే అక్కడ రెండు చుట్టలూ ఒకే ఇనుప కోర్ మీద ఉంటాయి, ఇక్కడ వాటి మధ్య రెండు గాజు పలకలు, కొంచెం ఖాళీ ఉంటాయి.

ఫోన్లలో దీన్ని చీ అనే స్టాండర్డ్ ప్రకారం చేస్తారు. ఇంగ్లీషులో క్యూ, ఐ అని రెండక్షరాలే రాస్తారు, పలకడం మాత్రం చీ. వైర్‌లెస్ పవర్ కన్సార్షియం అనే కంపెనీల సంఘం 2010 లో దీని మొదటి వెర్షన్ ఇచ్చింది. శాంసంగ్ ఫోన్ తో ఆపిల్ ఎయిర్‌పాడ్స్ కేస్ ని ఛార్జ్ చేయగలుగుతున్నామంటే కారణం ఇదే. రెండూ ఒకే భాష మాట్లాడతాయి.

భాష అని ఊరికే అనలేదు. నిజంగానే మాట్లాడుకుంటాయి. మీరు పవర్ షేర్ ఆన్ చేయగానే మీ ఫోన్ కాయిల్ నుంచి చిన్న చిన్న పల్సులు పంపుతూ "ఎవరైనా ఉన్నారా" అని వెతుకుతుంది. పైన పెట్టిన బడ్స్ కేస్ ఆ కొద్ది పవర్ తోనే మేల్కొని, తను తీసుకునే లోడ్ ని వేగంగా పెంచుతూ తగ్గిస్తూ "నేనున్నాను, నాకు ఇంత కావాలి, ఇప్పుడు కొంచెం పెంచు, ఇక చాలు" అని సమాచారం పంపుతుంది. మీ ఫోన్ ఆ మార్పుని తన కాయిల్ లోనే చదువుతుంది. కాసేపటిదాకా ఎవరూ పలకకపోతే ఫీచర్ దానంతట అదే ఆఫ్ అయిపోతుంది. చాలామంది దీన్ని చూసి "నా ఫోన్ లో ఆన్ చేసినా నిలవట్లేదు" అనుకుంటారు. నిలవకపోవడం మంచిదే, లేకపోతే జేబులో కూడా బ్యాటరీ ఖర్చవుతూ ఉండేది.

ఇక అసలు విషయానికి వద్దాం. మీ బ్యాటరీలో ఉన్నది డీసీ కరెంట్, నాలుగు వోల్టుల అటూ ఇటూ. దాన్ని ముందు వోల్టేజ్ పెంచాలి. తర్వాత ఏసీగా మార్చి కాయిల్ కి ఇవ్వాలి. అక్కడి నుంచి గాల్లో అవతలి కాయిల్ కి దూకాలి. అక్కడ మళ్లీ డీసీ చేయాలి. దాన్ని మళ్లీ అవతలి బ్యాటరీకి సరిపోయే వోల్టేజ్ కి దించాలి. పాలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి, అందులోంచి మరో గిన్నెలోకి వొంపుతూ పోతే ప్రతి గిన్నెకీ కొంచెం అంటుకుని మిగిలిపోతుంది చూడండి, ఇదీ అంతే. ఒక్కో మార్పులో పది శాతం పోతుందనుకున్నా, నాలుగు మార్పులు దాటేసరికి 100 లో 65 మిగులుతుంది. కాయిల్స్ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే ఇంకొంత పోతుంది. అందుకే నేను ఎప్పుడూ సగమే చేరుతుందని లెక్క వేసుకుంటాను. పోయిన సగం ఎక్కడికీ పోదు, వేడిగా మారి రెండు ఫోన్ల వీపుల్లోనే ఉంటుంది.

శాతాలు కాదు, వాట్ అవర్ లెక్క

ఎంఏహెచ్ తో ఈ లెక్క చేస్తే తప్పుతుంది, ఎందుకంటే మధ్యలో వోల్టేజ్ మారుతోంది. వాట్ అవర్ లో చేయాలి. ఎంఏహెచ్ ని 1000 తో భాగించి, ఫోన్ బ్యాటరీ వోల్టేజ్ తో గుణిస్తే వస్తుంది. వోల్టేజ్ సాధారణంగా 3.85 చుట్టూ ఉంటుంది.

5000 ఎంఏహెచ్ ఫోన్ అనుకుందాం. 5 ఇంటూ 3.85, అంటే సుమారు 19 వాట్ అవర్. ఇది మీ దగ్గరున్న మొత్తం సరుకు.

మీ ఫ్రెండ్ ది కూడా 5000 ఎంఏహెచ్ ఫోనే. అతనికి 20 శాతం ఇవ్వాలి. 19 లో 20 శాతం అంటే 3.8 వాట్ అవర్. సగమే చేరుతుంది కాబట్టి మీ ఫోన్ నుంచి 7.6 పోవాలి. అంటే మీ బ్యాటరీలో 40 శాతం. మీరు 40 ఇస్తే అతనికి 20.

టైమ్ ఎంత? 4.5 వాట్ల పవర్ షేర్ అనుకుంటే అవతలి బ్యాటరీలోకి నికరంగా 3 వాట్లు పోతే అదృష్టం. 3.8 ని 3 తో భాగిస్తే గంటా పావు. గంటా పావు సేపు రెండు ఫోన్లూ కదపకుండా వీపులు ఆనించి పెట్టాలన్నమాట. ఈలోగా ఫ్రెండ్ "ఒక్క నిమిషం, రీల్ చూస్తా" అని స్క్రీన్ ఆన్ చేశాడా, అంతే సంగతులు. వీడియో ఆడుతుంటే ఫోన్ ఒకటి, రెండు వాట్లు తింటుంది. వచ్చే మూడు వాట్లలో ఎక్కువ భాగం స్క్రీన్ కే సరిపోతుంది, బ్యాటరీ శాతం కదలదు. 10 వాట్ల రివర్స్ ఉన్న ఫోన్లలో టైమ్ తగ్గుతుంది, అది కూడా అవతలి ఫోన్ అంత తీసుకోగలిగితేనే. నష్టం మాత్రం అలాగే ఉంటుంది.

ఇదే పని టైప్-సి నుంచి టైప్-సి కేబుల్ తో చేస్తే? గాల్లో దూకడం, ఏసీ-డీసీ మార్పులు ఉండవు. నాలుగింట మూడు వంతులు చేరుతుందనుకున్నా, అదే 20 శాతానికి మీకు 26, 27 శాతం ఖర్చు. 40 ఎక్కడ, 27 ఎక్కడ. ఐఫోన్ 15 నుంచి ఆపిల్ కూడా టైప్-సి పోర్ట్ లోంచి 4.5 వాట్ల దాకా బయటికి ఇస్తోంది, కాబట్టి ఐఫోన్ వాళ్లకీ ఈ దారి ఉంది. అందుకే నా ఉద్దేశంలో ఫోన్ నుంచి ఫోన్ కి అయితే బ్యాగులో అరడుగు టైప్-సి కేబుల్ ఒకటి పడేసుకోవడం ఉత్తమం. వైర్‌లెస్ అన్నది కేబుల్ దొరకనప్పుడు, లేదా అవతలిది పాత ఐఫోన్ అయి మీ దగ్గరున్న కేబుల్ దానికి పట్టనప్పుడు వాడాల్సింది.

కరెంట్ లేనప్పుడు

ఈ లెక్క ఊరికే సరదాకి కాదు. సెప్టెంబర్ 2024 లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు నీళ్లలో ఉన్నప్పుడు రోజుల తరబడి కరెంట్ లేదు. అలాంటప్పుడు ఇంట్లో ఉన్న రెండు మూడు ఫోన్లలో మిగిలిన బ్యాటరీయే ఆ ఇంటికి బయటి ప్రపంచంతో ఉన్న దారి. అప్పుడు ఒక ఫోన్ లోంచి ఇంకో ఫోన్ కి వైర్‌లెస్ గా పంచుకోవడం అంటే ఉన్న నీళ్లని చిల్లు గిన్నెతో పంచుకున్నట్టు. ఇంట్లో మొత్తం ఉన్న ఛార్జ్ లో సగం వేడిగా పోతుంది.

అలాంటి పరిస్థితిలో నేను చెప్పేది ఇది. వీలైతే పంచకండి. ఒక ఫోన్ లో బ్యాటరీ ఉండి, ఇంకోదాంట్లో అయిపోతే, అయిపోయిన ఫోన్ లోని సిమ్ తీసి ఛార్జ్ ఉన్న ఫోన్ రెండో స్లాట్ లో వేయండి. అమ్మ నంబర్ కి వచ్చే కాల్స్ మీ ఫోన్ కే వస్తాయి, ఒక్క వాట్ అవర్ కూడా వృథా కాదు. ఇ-సిమ్ అయితే ఇది కుదరదు. ఆ ఫోన్ లోనే ఏదో నంబర్ చూడాలి, లేదా దాంట్లోనే ఓటీపీ రావాలి అనుకోండి, అప్పుడు కేబుల్ తో ఇవ్వండి. కేబుల్ కూడా లేకపోతే అప్పుడు పవర్ షేర్. అవతలి ఫోన్ ని స్విచ్ ఆఫ్ చేసి పెట్టండి. పది నిమిషాలకి రెండు, మూడు శాతం ఎక్కుతుంది. ఒక కాల్ మాట్లాడడానికి అది చాలు. అది చాలనుకుని అక్కడే ఆపేయండి.

ఇంకో జాగ్రత్త, మీ ఫోన్ ఎంత శాతానికి రాగానే పంచడం ఆగిపోవాలో ముందే సెట్ చేసుకోండి. శాంసంగ్ లో సెట్టింగ్స్ తెరిచి బ్యాటరీలోకి వెళితే వైర్‌లెస్ పవర్ షేరింగ్ కనిపిస్తుంది, అందులో బ్యాటరీ లిమిట్ అని ఉంటుంది. మామూలుగా 30 శాతం దగ్గర ఉంటుంది. నేనైతే ప్రయాణాల్లో 50 కి పెంచుతాను. పిక్సెల్ లో కూడా బ్యాటరీ సెట్టింగ్స్ లోనే బ్యాటరీ షేర్ ఉంటుంది, అక్కడా ఎక్కడ ఆగాలో చెప్పే స్లైడర్ ఉంది. పై నుంచి కిందికి లాగే క్విక్ ప్యానెల్ లో దీని బటన్ పెట్టుకుంటే ప్రతిసారీ సెట్టింగ్స్ లో వెతుక్కోనక్కర్లేదు.

ఇది నిజంగా పనికొచ్చేది బడ్స్ కి

ఫోన్లకి పనికిరాదని చెప్పి ఫీచర్ నే తీసిపారేయడం లేదు. దీనికి సరిగ్గా సరిపోయే పని ఒకటుంది. బడ్స్.

మంచి బడ్స్ కేస్ లో బ్యాటరీ 500 ఎంఏహెచ్ అటూ ఇటూ ఉంటుంది. చెవిలో పెట్టుకునేవి ఒక్కోటి 60 చుట్టూ. రెండు బడ్స్ కలిపి 120 ఎంఏహెచ్, అంటే 0.46 వాట్ అవర్. సగం నష్టం వేసుకున్నా మీ ఫోన్ నుంచి ఒక్క వాట్ అవర్ లోపే. అది 5 శాతం. కేస్ కూడా పక్కన కొంత లాక్కుంటుంది కాబట్టి 8 శాతం దాకా అనుకోండి. బస్ స్టాండ్ లో బస్ కోసం ఎదురు చూస్తూ బెంచీ మీద పావుగంట పెడితే హైదరాబాద్ నుంచి సూర్యాపేట దాకా పాటలకి సరిపడా ఎక్కుతుంది. ఇలా వాడితే ఈ ఫీచర్ బంగారం. కేస్ మొత్తం నింపుదామని కూర్చుంటే మాత్రం 1.9 వాట్ అవర్ కి మీ ఫోన్ లో 20 శాతం పోతుంది. బడ్స్ నిండగానే తీసేయండి.

మీ బడ్స్ కేస్ కి వైర్‌లెస్ ఛార్జింగ్ ఉందో లేదో చూసుకోవాలి. రెండు వేల లోపు దొరికే వాటిలో చాలావాటికి ఉండదు. ఎయిర్‌పాడ్స్ లో 2019 లో వచ్చిన రెండో తరంతో పాటు వైర్‌లెస్ కేస్ మొదలైంది. అప్పుడు కూడా వైర్‌లెస్ లేని కేస్ తో ఇంకో రకం అమ్మారు, కాబట్టి పాతవి ఉన్నవాళ్లు చెక్ చేసుకోండి.

పెట్టే పద్ధతిలోనే సగం ఉంది. కేస్ లో కాయిల్ చాలా చిన్నది, ఫోన్ లో కాయిల్ సాధారణంగా వీపు మధ్యలో ఉంటుంది. ఫోన్ ని చదునైన చోట బోర్లా పెట్టి, కవర్ మందంగా ఉంటే తీసేసి, కేస్ ని నడి మధ్యలో ఉంచి లైటు వెలిగేదాకా అర సెంటీమీటర్ చొప్పున మెల్లగా జరపండి. ఎయిర్‌పాడ్స్ కేస్ ని నిలబెట్టకండి, లైటు పైకి కనిపించేలా పడుకోబెట్టాలి. వెలిగాక ముట్టుకోకండి. కదిలే కార్లో, రైలు బెర్త్ మీద ఇది నిలవదు, జారిపోతుంది. కవర్ వెనక రింగ్ హోల్డర్, కార్ మౌంట్ కోసం అతికించిన ఇనుప పలక ఉంటే తీయాల్సిందే. ఆ పలక అయస్కాంత క్షేత్రాన్ని తనే మింగేసి వేడెక్కుతుంది. కవర్ లో దాచుకున్న ఏటీఎం కార్డు, మెట్రో కార్డు కూడా బయటికి తీయండి.

వాచ్ ల దగ్గరికి వస్తే కథ వేరు. గెలాక్సీ వాచ్ లని శాంసంగ్ ఫోన్ మీద పెట్టి ఛార్జ్ చేయొచ్చు, బెల్ట్ రెండు వైపులా పూర్తిగా విప్పి, వాచ్ వీపు ఫోన్ కి బాగా ఆనేలా పెట్టాలి. నెమ్మదిగానే ఎక్కుతుంది. ఆపిల్ వాచ్ కి ఇది పని చేయదు, దాని ఛార్జింగ్ పద్ధతి వేరు. ఇక మన దగ్గర ఎక్కువ మంది చేతులకి కనిపించే పదిహేను వందల, రెండు వేల రూపాయల స్మార్ట్ వాచ్ లు తిప్పి చూడండి. వీపు మీద రెండో, నాలుగో బంగారు రంగు చుక్కలు కనిపిస్తున్నాయా? అవి పిన్నులు. దాని అయస్కాంతపు కేబుల్ ఆ పిన్నులకే అతుక్కుంటుంది. లోపల కాయిల్ లేదు. ఎన్ని లక్షల ఫోన్ మీద పెట్టినా అది ఛార్జ్ అవ్వదు.

ఒక్క ఛార్జర్ తో రెండు పనులు

నాకు బాగా నచ్చిన వాడకం ఒకటుంది, చాలామందికి తెలియదు. శాంసంగ్ లో మీ ఫోన్ కి కేబుల్ పెట్టి ఛార్జ్ అవుతున్నప్పుడు కూడా వెనక పవర్ షేర్ పని చేస్తుంది. లాడ్జిలో మంచం దగ్గర ఒక్కటే ప్లగ్ ఉందనుకోండి, ఫోన్ కి ఛార్జర్ పెట్టి, బోర్లా తిప్పి, వీపు మీద బడ్స్ పెట్టేస్తే గంటా రెండు గంటల్లో రెండూ తయారు. ఇక్కడ పోయే సగం గోడ కరెంటే కాబట్టి నష్టం గురించి బెంగ లేదు. పిక్సెల్ 5 లో అయితే ఫోన్ కి కేబుల్ పెట్టగానే బ్యాటరీ షేర్ కాసేపు దానంతట అదే ఆన్ అయ్యేది, సరిగ్గా ఈ వాడకం కోసమే.

ఎండాకాలం సంగతి

ఐఫోన్ ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో మన రామగుండంలో, విజయవాడలో నీడలోనే 40 దాటుతుంది. అలాంటి గదిలో రెండు ఫోన్ల వీపులు ఆనించి, మధ్యలో నాలుగైదు వాట్ల వేడి పుట్టించడం అంటే రెండు బ్యాటరీలకీ కష్టమే. లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవ్వడానికి మొదటి కారణం వేడి. ఫోన్లు ఒక హద్దు దాటి వేడెక్కితే షేరింగ్ ని అవే ఆపేస్తాయి, "డివైస్ వేడిగా ఉంది" అని మెసేజ్ వస్తుంది. వస్తే ఫ్రిజ్ లో పెట్టకండి. నిజంగా పెట్టే వాళ్లున్నారు. లోపల చెమ్మ పడుతుంది. ఫ్యాన్ కింద కాసేపు ఉంచితే చాలు. కార్ డాష్‌బోర్డ్ మీద ఎండలో పెట్టి పవర్ షేర్ వాడటం అసలు వద్దు.

రోజూ బడ్స్ కి ఐదు శాతం ఇస్తే బ్యాటరీ పాడవుతుందా అని అడుగుతుంటారు. పెద్దగా తేడా రాదు. బ్యాటరీ ఆయుష్షుని సైకిల్స్ లో లెక్క వేస్తారు, మొత్తం వంద శాతం ఖర్చయితే ఒక సైకిల్. ఐఫోన్ 15 బ్యాటరీ 1000 సైకిల్స్ దాకా 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా చేశామని ఆపిల్ చెప్పింది. రోజుకి ఐదు శాతం అంటే ఇరవై రోజులకి ఒక సైకిల్. రోజూ ఫ్రెండ్ కి 40 శాతం ఇస్తుంటే మాత్రం రెండున్నర రోజులకే ఒక సైకిల్ పోతుంది, అది ఏడాదిలో 146 అవుతుంది. ఫ్రెండ్ ని పవర్ బ్యాంక్ కొనుక్కోమనండి. 10,000 ఎంఏహెచ్ ది 37 వాట్ అవర్, విమానంలో చేతి సామాన్లలో మామూలుగా అనుమతించే 100 కి చాలా లోపలే ఉంటుంది.

కొత్త ఫోన్ కొనే వాళ్లకి

ఈ ఫీచర్ ఇక అన్ని ఫోన్లలోకీ వచ్చేస్తుందని అనుకోవడానికి లేదు. 2023 లో చీ2 అనే కొత్త స్టాండర్డ్ వచ్చింది. కాయిల్ చుట్టూ అయస్కాంతాలు గుండ్రంగా పెట్టి, ఛార్జర్ సరైన చోట టక్కున అతుక్కునేలా చేస్తారు. ఆపిల్ మ్యాగ్‌సేఫ్ లోంచి వచ్చిన ఆలోచనే. ఛార్జింగ్ తీసుకోవడానికి ఇది చాలా మంచిది, కాయిల్స్ పక్కకి జరగవు కాబట్టి వృథా తగ్గుతుంది. కానీ 2025 లో పిక్సెల్ 10 ఫోన్లకి ఆ అయస్కాంతాలు పెట్టినప్పుడు గూగుల్ బ్యాటరీ షేర్ ని తీసేసింది. అయస్కాంతాల అమరికతో అది పొసగలేదని కారణం చెప్పింది. పిక్సెల్ 9 వాడుతూ బడ్స్ కి ఈ ఫీచర్ అలవాటు పడి, 10 కి మారుదామనుకునే వాళ్లు ఇది తెలుసుకుని మారండి. శాంసంగ్ మాత్రం ఎస్25 లో అయస్కాంతాలని ఫోన్ లో కాకుండా కవర్ లో పెట్టింది, పవర్ షేర్ ని ఉంచింది. మీరు అలాంటి మ్యాగ్నెట్ కవర్ వాడుతుంటే, బడ్స్ ఛార్జ్ చేసేటప్పుడు కవర్ తీసి పెట్టండి. లేదంటే కేస్ లో మూతకి ఉండే చిన్న అయస్కాంతాలు ఆ రింగ్ కి అతుక్కుని, కేస్ మధ్యలో నిలవకుండా పక్కకి లాక్కుపోతుంది.